అత్తయ్య వేళ్లకు తెలిసిన నంబర్లు

2025 ఆగస్టు మూడో వారంలో మా ఇంట్లో టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకే క్షణంలో ఆగిపోయాయి. మేముండేది హబ్సిగూడలో, రామంతపూర్‌కు దగ్గరలో. ఆ నెల 17వ తేదీ రాత్రి రామంతపూర్ గోఖలే నగర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో విద్యుత్ స్తంభాల మీద వేలాడే కేబుళ్లను కత్తిరించి తొలగించడం మొదలైంది. మా వీధి మొదట్లో నల్లటి తీగలు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. వాటిలో మాది కూడా ఉంది. కత్తిరించిన వారి మీద నాకు కోపం లేదు. ఆ తీగల గుంపు కింద నుంచే మా పాప రోజూ కాలేజీ బస్సు ఎక్కేది.

నా కోపమంతా నేను తీసుకున్న నిర్ణయం మీద, నా చేత అలా చేయించిన మాటల మీద. అంతకు కొన్ని నెలల ముందు ఒక సంస్థ వాళ్లు వచ్చి ఇంటర్నెట్, టీవీ, యాప్‌లు అన్నీ ఒకే వైరులో, ఒకే బిల్లులో ఇస్తామన్నారు. ఏడాది డబ్బు ముందే కడితే ఒక నెల ఉచితమన్నారు. కట్టాను. అంతవరకు ఉన్న కేబుల్ కనెక్షన్ తీయించేశాను. ఆ ఒక్క వైరు తెగేసరికి మా వారి ఆఫీసు పని, పాప ఎప్‌సెట్ క్లాసులు, అత్తయ్య టీవీ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. తొమ్మిది రోజులు అలాగే ఉన్నాం. మా వారు, పాప ఫోన్ డేటాతో ఎలాగో నెట్టుకొచ్చారు. అత్తయ్యకు ఆ దారి కూడా లేదు.

అత్తయ్యకు 78 ఏళ్లు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అయినా చిన్న అక్షరాలు కనబడవు. తెల్లవారుజామున ఎస్వీబీసీలో సుప్రభాతంతో ఆమె రోజు మొదలవుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు శ్రీవారి కల్యాణోత్సవం ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. ఆ వేళకు చీర సర్దుకుని, టీవీ ముందు కుర్చీలో కూర్చుని, మాంగల్యధారణ అయ్యేవరకు చేతులు జోడించే ఉంటారు. ఆ తర్వాతే భోజనం. ఆ తొమ్మిది రోజులూ పాప తన ఫోన్‌లో అదే ప్రసారం పెట్టి ఇచ్చేది. "బొమ్మ కనబడటం లేదమ్మా, మంత్రాలు వింటున్నానులే" అనేవారు అత్తయ్య. ఆ మాట విన్నాక, కొత్త కనెక్షన్ తీసుకునే ముందు ఈసారి అన్నీ అడిగి తెలుసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

వైరు మళ్లీ కలిపాక మొదట చేసిన పని ఒక నోటుపుస్తకం తీసి టీవీ పక్కన పెట్టడం. వారం రోజులపాటు ఇంట్లో ఎవరు ఏ ఛానెల్ పెట్టినా రాసి పెట్టమన్నాను. వారం తర్వాత లెక్క చూస్తే మా నలుగురం కలిసి చూసినవి 11 ఛానెళ్లు. వాటిలో 5 ఉచితంగా వచ్చేవే. ఎస్వీబీసీ ఉచితం, దూరదర్శన్ యాదగిరి ఉచితం, వార్తా ఛానెళ్లలో చాలావరకు అంతే. డబ్బు కట్టాల్సినవి ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు, పైన క్రికెట్ కోసం ఒకటి, మా వారి ఇంగ్లీషు ఛానెల్ ఒకటి. 550 ఛానెళ్లని చెప్పే ప్యాక్‌లో మాకు కావలసినవి ఇవే. నాకు ఏ ప్రకటనా చెప్పని సంగతి ఆ పుస్తకం చెప్పింది. కనెక్షన్ మార్చాలనుకునేవాళ్లు ఎవరైనా సరే, ఈ ఒక్క పని చేశాకే అమ్మేవాళ్లతో మాట్లాడండి.

టీవీ బిల్లు సంగతి కూడా తెలుసుకున్నాను. 2019 ఫిబ్రవరిలో టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం వచ్చినప్పుడు మొదటి 100 ఛానెళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు నెలకు కట్టాలి. పే ఛానెల్ కావాలంటే దాని ధర అదనం. ఆ తర్వాత 130కే 200 ఛానెళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ 130 రూపాయల గరిష్ఠ పరిమితినే తీసేశారు. కాబట్టి ఇప్పుడు ఏ సంస్థ ఎంత తీసుకుంటుందో అడగవలసిందే. అయితే కావలసిన ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు మనకు ఇప్పటికీ ఉంది. అమ్మేవాళ్లు ఈ మాట తమంతట తాము చెప్పరు. గట్టిగా అడిగితే వాళ్ల యాప్‌లోనే ఆ జాబితా చూపిస్తారు.

సెప్టెంబరులో మూడు సంస్థల వాళ్లను ఇంటికి పిలిచాను. మొదట వచ్చిన అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, 999 ప్యాక్ తీసుకోండి, అన్ని యాప్‌లూ వస్తాయి" అన్నాడు. పన్ను ఎంతని అడిగితే ఆగి, 18 శాతం అన్నాడు. అంటే 1,179 రూపాయలు. ఇంటర్నెట్ ప్రకటనల్లో కనబడే ధర మీద ఈ పన్ను దాదాపు ఎప్పుడూ విడిగానే ఉంటుంది. ఇక యాప్‌ల సంగతి. మన నాలుగు పెద్ద తెలుగు ఛానెళ్లూ ఒక్కొక్కటి ఒక్కో యాప్‌లో ఉన్నాయి. స్టార్ మా జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగు జీ5లో, జెమిని సన్ నెక్స్ట్‌లో, ఈటీవీ ఈటీవీ విన్‌లో. "పది యాప్‌లు" అని రాసి ఉన్న ప్యాక్‌లో ఈ నాలుగూ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి. ఉన్నా కూడా, అది ఫోన్‌కు మాత్రమే పరిమితమైన చందా అయితే టీవీలో పని చేయదు. ఈ ప్రశ్నకు ముగ్గురిలో ఇద్దరు వెంటనే జవాబు చెప్పలేకపోయారు.

స్పీడు దగ్గర కూడా మాటలకు లోబడకూడదు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. స్పష్టంగా కనబడే హెచ్‌డీ సినిమాకు దాదాపు 5 ఎంబీపీఎస్ చాలు, పెద్ద తెర మీద 4కే చూడాలంటే 15 నుంచి 25 కావాలి. ముగ్గురం ఒకేసారి వాడినా మాకు 50 దాటదు. నెల పరిమితి కూడా ఇలాగే. చాలా ప్యాక్‌లలో "అపరిమితం" అన్న మాట కింద సన్నటి అక్షరాల్లో 3,300 జీబీ అని ఉంటుంది. హెచ్‌డీలో గంటకు 3 జీబీ ఖర్చవుతుందనుకున్నా అది 1,100 గంటలకు సరిపోతుంది. 30 రోజుల నెలలో ఉన్నవే 720 గంటలు. అందుకే ఆ పరిమితి నన్ను భయపెట్టలేదు. మా ఇంట్లో అసలు ఇబ్బంది రెండు గోడల అవతల ఉన్న పాప గది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే బలహీనపడుతుంది. వైరు ఎక్కడికి లాగాలో వాళ్లు తేల్చకముందే రౌటర్ హాలు, గది మధ్య నడవాలో పెట్టాలని చెప్పాను. ఆ మాట కోసం కొంచెం గట్టిగా నిలబడవలసి వచ్చింది.

ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాను. "బాబూ, మీ వైరు మా మేడ మీదకు ఎక్కడి నుంచి వస్తుంది?" ముగ్గురూ కిటికీ లోంచి స్తంభం వైపే చూపించారు. అప్పుడే టీవీని ఆ వైరు మీద ఆధారపడనివ్వకూడదని నిశ్చయించుకున్నాను.

ఇక రిమోట్ సంగతి. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ధరల పట్టికల్లో ఇది ఎక్కడా ఉండదు. పాత కేబుల్ ఉన్నప్పుడు అత్తయ్య రిమోట్‌ను చూసేవారు కాదు. బొటనవేలు దానంతట అదే నంబర్ల మీదకు వెళ్లేది. మూడు అంకెలు నొక్కితే సుప్రభాతం, మరో మూడు నొక్కితే వార్తలు. ఆరేడేళ్ల అలవాటు. ఆ ఒకే వైరు కనెక్షన్ వాళ్లు ఇచ్చిన బాక్సు రిమోట్‌లో అంకెలే లేవు. మధ్యలో ఒక గుండ్రటి మీట, నాలుగు బాణాలు, మైకు గుర్తు. టీవీ పెట్టగానే సినిమా బొమ్మల వరుసలు వస్తాయి. వాటిని దాటి, యాప్ తెరిచి, ఎవరు చూస్తున్నారన్న ప్రశ్నకు పేరు ఎంచుకుని, అప్పుడు ఛానెల్ వెతకాలి. మైకులో మాట్లాడండి అని నేనే నేర్పాను. ఆమె ఎంతో నెమ్మదిగా, "భక్తి ఛానెల్ పెట్టు నాయనా" అన్నారు. తెర మీద ఏవో పాటల వీడియోలు వచ్చాయి. మళ్లీ అడిగారు. మూడోసారి రిమోట్ బల్ల మీద పెట్టేసి, "అమ్మాయీ, నువ్వు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టు, తొందరేమీ లేదు" అన్నారు. అప్పటి నుంచి ఆ బాక్సు ఉన్నన్నాళ్లూ ఆమె తనంతట తాను టీవీ పెట్టుకోలేదు. ఇంట్లో ఎవరో ఒకరు లేచి పెట్టేవరకు ఎదురుచూసేవారు. అన్ని నెలలూ నేను దానిని గమనించలేదు. నోటుపుస్తకంలో ఆమె పేరు ఎదుట ఉన్న ప్రతి గీతా పాప చేతిరాతలోనే ఉండటం చూశాక తెలిసింది.

చివరికి తీసుకున్నది ఇది. ఇంటర్నెట్ మాత్రమే ఇచ్చే 100 ఎంబీపీఎస్ ప్యాక్, 699 రూపాయలు, పన్నుతో దాదాపు 825. ఏడాదికి కాదు, నెలనెలా కట్టేలా. టీవీకి మేడ మీద డిష్, అంకెల మీటలున్న రిమోట్, మేము ఎంచుకున్న ఛానెళ్లు, నెలకు 290. మొత్తం 1,115. పన్నుతో 1,179 అయ్యే ఆ 999 ప్యాక్ కంటే నెలకు 64 రూపాయలు తక్కువే కానీ, డిష్ పెట్టించడానికి ఒకసారి 1,500 అయింది. అది తిరిగి రావడానికి రెండేళ్లు పడుతుంది. డబ్బు ఆదా కోసం చేసింది కాదిది. పెద్ద వాన పడితే డిష్‌కు సిగ్నల్ పోతుంది, వాన తగ్గగానే వస్తుంది. అక్టోబరులో రెండుసార్లు అలా జరిగింది. మా వారికి ఇది నచ్చలేదు. యాప్‌లో కంటే డిష్‌లో క్రికెట్ కొన్ని సెకన్ల ముందు వస్తుందని తెలిశాక కాస్త మెత్తబడ్డారు.

పాత సంస్థతో లెక్క తేల్చుకోవడానికి మరో నెల పట్టింది. ఫోన్‌లో ఎన్నిసార్లు మాట్లాడినా ఫలితం లేదు. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు రాసి పెట్టుకున్నాను. ఇంటికి వైరు ద్వారా వచ్చే ఇలాంటి కనెక్షన్లలో లోపాన్ని మూడు రోజుల్లో సరిచేయకపోతే వినియోగదారుడికి అద్దెలో తగ్గింపు ఇవ్వాలని ట్రాయ్ 2024 నాటి సేవా నాణ్యత నిబంధనల్లో ఉంది. ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదు. ముందు సంస్థకు, అక్కడ పరిష్కారం కాకపోతే 30 రోజుల్లోగా ఆ సంస్థలోనే పై స్థాయిలో ఫిర్యాదులు చూసే అప్పిలేట్ అథారిటీకి రాయాలి. అలాగే రాశాను. వాడని నెలల డబ్బు, బాక్సు కోసం ఉంచుకున్న డిపాజిట్ వెనక్కి వచ్చాయి. బాక్సు తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి, దాని నంబరు కనబడేలా ఫోటో తీసి ఉంచుకోండి. నాకు ఉపయోగపడింది ఆ ఫోటోనే.

కొత్త డిష్‌లో ఛానెల్ నంబర్లు వేరు. ఒక అట్టముక్క మీద నల్ల స్కెచ్‌పెన్నుతో ఒక్కో అంకె అంగుళం ఎత్తున రాసి టీవీ పక్కన అతికించాను. మొదటి వారం అత్తయ్య వేలు పాత నంబర్లకే వెళ్లేది. దసరా నాటికి అట్టవైపు చూడటం తగ్గించారు. కిందటి నెల ఆ సంస్థ ఒక ఛానెల్ నంబరు మార్చింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అట్ట మీద ఆ అంకెలు కొట్టేసి, పక్కన పాప చేతిరాతలో కొత్తవి ఉన్నాయి. నంబరు ఎవరు కనిపెట్టారని అడిగాను. "నానమ్మే. ఒక్కో ఛానెల్ దాటుకుంటూ వెళ్లి పట్టుకుంది. నేను రాశానంతే" అంది పాప.