ఆల్టో వెనక సస్పెన్షన్: ఎడమ బోల్టుతో మూడు రోజులు

మొత్తానికి ఎడమ ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక ఇరుసుని బాడీకి కలిపే ఇనప చెయ్యి) కిందికి దిగింది. బోల్టు ఊడి కాదు, రెండు చోట్ల కోస్తే.

షాకప్సర్లు, స్ప్రింగులు రెండు పక్కలా మారాయి. కుడి ఆర్మ్ గంటన్నరలో అయిపోయింది. షాకప్సర్లకి గాబ్రియేల్ బ్రాండు చాలు. బుష్‌లు (ఆర్మ్ కొసల్లో కూర్చునే రబ్బరు ముక్కలు) మాత్రం కారు కంపెనీవే కొనాలి, అక్కడ వంద రూపాయలు మిగుల్చుకుంటే ఇదే పని మళ్లీ చేయాలి.

ఇక ఎడమ ఆర్మ్ ముందు కొసన ఉన్న ఆ బోల్టు. 12 మి.మీ. బోల్టు, నట్టు మామూలుగానే వచ్చేసింది. తలకి పానా వేసి, మూడడుగుల పైపు తగిలించి లాగితే పావు చుట్టు తిరుగుతుంది, వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. అలా వెనక్కి వచ్చిందంటే పట్టేసింది మరలు కావు. బుష్ లోపలి ఇనప స్లీవు, బోల్టు తుప్పుతో ఒకటైపోయాయి. తిరుగుతున్నదల్లా రబ్బరే. సుత్తి కూడా అందుకే పనిచేయలేదు, రెండు కేజీల దెబ్బనీ రబ్బరు మింగేస్తుంది. నట్టుని చివరికంటా ఎక్కించి కొట్టబట్టి మరలన్నా మిగిలాయి.

ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె), అసిటోన్ సగం సగం కలిపి రెండు రాత్రులు పోశాం. స్లీవు రెండు కొసలూ బాడీకున్న బ్రాకెట్‌కి బిగుసుకుని ఉంటాయి కాబట్టి నూనె లోపలికి పోయే సందే లేదు. గ్యాస్ మంట పెట్టేద్దామా అనిపిస్తుంది. పక్కనే పెట్రోలు ట్యాంకు, పైగా పోసింది అసిటోన్. వద్దు.

ఎడమదే ఎందుకు పట్టేసింది? కాలవ గట్టు రోడ్ల మీద ఎదురు బండికి దారిస్తే బురదలోకి దిగేది ఎడమ చక్రాలే. దానికితోడు కోనసీమలో రాజోలు, మలికిపురం వైపు రొయ్యల బళ్ల నుంచి కారే ఉప్పునీళ్లు. మా అంచనా ఇంతే.

ఆఖరికి కోతే. ఆర్మ్ కన్నుకీ (బుష్ కూర్చునే గుండ్రటి కొస) బ్రాకెట్‌కీ మధ్య సందు 3 మి.మీ. కూడా లేదు, గ్రైండర్ దూరదు. ఉత్త హాక్సా బ్లేడుకి ఒక కొస గుడ్డ చుట్టి, స్లీవుతో సహా బోల్టుని అటొకటి ఇటొకటి కోయాలి. మామూలు బ్లేడు పది నిమిషాల్లో మొద్దుబారింది. బైమెటల్, అంగుళానికి 24 పళ్లది తెచ్చాక ఒక్కో కోతకి నలభై నిమిషాలు పట్టింది. బ్రాకెట్ గీరుకుపోకుండా బ్లేడుని ఆర్మ్ వైపుకే ఆనించి లాగాలి.

కొత్త బోల్టు తల మీద గ్రేడు గుర్తు పాతదానితో సరిపోల్చి కొనండి. స్లీవులో దూరే భాగానికి యాంటీ సీజ్ (తుప్పుతో పట్టేయకుండా రాసే పేస్టు) దట్టంగా రాయాలి. ఆఖరి బిగింపు బండి బరువు స్ప్రింగుల మీద ఉన్నప్పుడే, అంటే స్టాండ్లు ఇరుసు కింద పెట్టి. ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడే ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. మన ఒండ్రు నేలలో స్టాండు కాళ్లు దిగబడతాయి, కింద రెండంగుళాల చెక్క తప్పనిసరి.

తర్వాతది లేటరల్ రాడ్డు, ఇరుసు పక్కలకి జరక్కుండా పట్టి ఉంచేది. దాని బోల్టులకి ఇప్పటినుంచే నూనె పోస్తున్నాం, బైమెటల్ బ్లేడ్లు ఇంకో రెండు తెచ్చిపెట్టాం. వానలు పట్టేలోపు అది కూడా విప్పాలి.