హువా హిన్: మధ్యాహ్నం 2 గంటలకి గుహ

పదకొండు దాటింది, ఇల్లంతా నిద్రపోయింది. ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితం మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు. థాయ్‌లాండ్‌లోని హువా హిన్ అనే సముద్రతీరపు ఊరికి మా రెండు రోజుల ప్రయాణం అది. అక్షరాలు ఈయనవే: "శని 8: కారు. 11: హువా హిన్. 2: గుహ. 6: సికాడా. ఆది: కొండగుడి, బీచి, షాపింగ్, 4కి తిరుగు."

మిగతావన్నీ సర్దుకోవచ్చు. రెండింటికి గుహ ఏమిటి?

హువా హిన్ దగ్గరున్న ఈ ఫ్రాయా నఖోన్ గుహని ఒకసారి చూసినవాళ్ళెవరూ ఆ మాట రాయరు. ఈయన చూశారు కూడా! గుహ పైకప్పు కూలి పెద్ద పెద్ద కన్నాలు పడ్డాయి కాబట్టే లోపల చెట్లు పెరిగాయి. లోపలున్న చిన్న మండపాన్ని 1890లో చులాలొంకోన్ రాజు రాక కోసం బ్యాంకాక్‌లో తయారుచేయించి, తెచ్చి అక్కడ బిగించారు. పొద్దున పదిన్నర, పదకొండున్నర మధ్య ఎండ ఆ కన్నంలోంచి నేరుగా మండపం మీదికి దిగుతుంది. నాలుగు కొసల కప్పు బంగారంలా వెలుగుతుంది, చుట్టూ రాయి నల్లగానే ఉంటుంది. కిందటిసారి చిన్నది మాట్లాడటం మానేసి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. తర్వాత వెలుగు పక్కకి జరిగింది, అంతే. రెండింటికి వెళ్ళినా మండపం ఉంటుంది. వెలుగు ఉండదు.

ఆ గంట అందాలంటే లెక్క వెనకనుంచి కట్టుకు రావాలి. లేమ్ సాలా ఒడ్డు నుంచి గుహకి 430 మీటర్లు. వినడానికి తక్కువే గానీ అంతా ఎక్కుడు. ఒక రాయి ఇంత ఎత్తు, పక్కది అంత ఎత్తు, వాన పడితే జారుడు. హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్న బూట్లే కావాలి. పిల్లలతో 40 నిమిషాలు వేసుకోవాలి. ఆ ఒడ్డుకి చేరాలంటే బాంగ్ పూ ఊరినుంచి ఒక కొండకొమ్ము దాటి అర కిలోమీటరు నడవాలి, లేదా పడవ ఎక్కాలి. పడవ దగ్గర రెండువైపులా మోకాలి లోతు నీళ్ళలో దిగాలి. సముద్రం రేగితే పడవలు వెయ్యరు. గుహ ఉన్న జాతీయ పార్కు టికెట్టు విదేశీయులకి పెద్దలకైతే 200 బాత్‌లు, పిల్లలకి 100. హువా హిన్ నుంచి దాదాపు గంట ప్రయాణం. అంటే ఏడున్నరకల్లా కారు కదలాలి.

శనివారం ఎనిమిదికి బ్యాంకాక్‌లో బయల్దేరి పదకొండుకి హువా హిన్‌లో ఉండటం కూడా నేను నమ్మను. దూరం 200 కిలోమీటర్లే. కానీ రామా 2 రోడ్డు మీద పై వంతెనల పనులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి. వారాంతంలో సముద్రానికి వెళ్ళే నగరమంతా, దక్షిణాదికి వెళ్ళే లారీలన్నీ ఆ దారినే పడతాయి. దారిలోని మహాచాయ్ ఊరు దాటేసరికే ఓపిక అయిపోతుంది. ఆదివారం నాలుగింటికి తిరుగుప్రయాణమంటే అదే రద్దీ, ఎదురుదిక్కున. పైగా పదకొండుకి చేరినా గది రెండింటిదాకా ఇవ్వరు. అత్తయ్య ఎక్కడ నడుం వాలుస్తారు?

అందుకే భోజనాల దగ్గర రైలు అన్నాను. పొద్దుట ఏసీ డీజిల్ రైలు మూడు గంటల పైచిలుకులో దింపేస్తుంది. మూడో తరగతి పాసింజరైతే యాభై బాత్‌ల లోపే, నాలుగు గంటలు పైనే. ఒక్క జాగ్రత్త: దూరపు రైళ్ళు 2023 జనవరి నుంచి బాంగ్ స్యూలోని కొత్త స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయి, ఆ పాసింజరు మాత్రం పాత హువా లంపోంగ్ నుంచే. టికెట్టు మీద స్టేషన్ పేరు చదవకుండా వెళ్ళి రైలు పోగొట్టుకునేవాళ్ళున్నారు. హువా హిన్‌లో కూడా ఇప్పుడు ఎత్తుమీది కొత్త స్టేషన్‌లోనే దిగాలి. ఎర్ర, తెలుపు రంగుల పాత చెక్క స్టేషన్ పక్కనే చూడటానికి ఉంది.

రైలే అని ఇక్కడిదాకా రాశాక అనిపిస్తోంది, రైల్లో వెళ్తే గుహకి మళ్ళీ కారు మాట్లాడుకోవాలి. ఖర్చు రెండింతలు. కారు తప్పు కాదు. తప్పు శనివారానిది.

ఆదివారం పొద్దున వెళ్ళి సోమవారం వస్తే? జనం తిరిగొచ్చే రోజున మనం ఎదురు వెళ్తాం, రోడ్డు ఖాళీ. ఆదివారం రాత్రికి గది అద్దె కూడా శనివారం కన్నా తక్కువే. సికాడా రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల సాయంత్రాలే కాబట్టి అదీ దక్కుతుంది. ఈయనకి ఒక్క సోమవారం సెలవు చాలు.

సికాడాలో తిండికి కూపన్లు కొనుక్కోవాలి, మిగిలినవి ఆ రాత్రే తిరిగిచ్చెయ్యాలి. అత్తయ్యకి "కూరగాయలే" అని చెబితే సరిపోదు, చేపల సాసు నాం ప్లా కలిపేస్తారు, బొప్పాయి పచ్చడిలో ఎండు రొయ్యలు పడతాయి. "జే" అనాలి, అంటే ఇక్కడి శుద్ధ శాకాహారం; పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలున్న బండి వెతకాలి. జేలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, కార్తీకమాసం భోజనంలాగే. అది దొరక్కపోతే అన్నం, మామిడిపండు. పెరుగన్నం డబ్బాలో పెట్టుకెళ్తాను, ఆవిడకి అది లేనిదే రోజు పూర్తికాదు.

బీచికి ఆటుపోట్లు చూసుకోవాలి. పోటు మీదుంటే కొన్ని చోట్ల నీళ్ళు హోటలు గోడల్నే తాకుతాయి, నడవడానికి ఇసుకే ఉండదు. ఇక్కడి నౌకాదళంవాళ్ళు ఆటుపోట్ల పట్టిక వేస్తారు, అది చూసి సాయంత్రం నడక ఏ గంటకో పెట్టుకోవాలి. కొండగుడి, ఖావ్ తకియాబ్, ఈసారి వద్దు. కోతులు చేతిసంచీ లాక్కుంటాయి, అత్తయ్య భయపడతారు.

సోమవారం ఏడు లోపే గది ఖాళీ చేసి సామానుతో సహా బాంగ్ పూ. మళ్ళీ హువా హిన్ రాకుండా అటునుంచి అటే ఇంటికి. పడవలోంచి నీళ్ళలోకి దిగడం అత్తయ్య మోకాళ్ళకి కుదురుతుందా? ఇందాకటినుంచీ వెలుగు, వెలుగు అని రాస్తున్నాను గానీ ఇది అడగలేదు. లేమ్ సాలాలో సరుగుడు చెట్ల నీడుంది, అంతర్వేది ఒడ్డులా ఉంటుంది, అక్కడిదాకా రాగలిగితే ఆవిడ హాయిగా కూర్చుంటారు. రాలేకపోతే బాంగ్ పూలోనే నేను ఆవిడతో ఉంటాను. ఈయనా చిన్నదీ పదింబావుకల్లా పైన ఉండాలి.

కాగితం మీద 2 కొట్టేసి 10:15 రాశాను. పొద్దున చూస్తారు.