బ్రష్‌తో తేలియా రుమాలు

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఫ్యాబ్రిక్ పెయింటింగ్ నేర్పిస్తుంటాను. గులాబీలు, నెమళ్ళు నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈమధ్య పూర్తిగా చేనేత డిజైన్ల మీదే పడ్డాను. అందులోనూ తెలంగాణలోని పుట్టపాకలో నూనె పట్టించిన నూలుతో నేసే గుడ్డ, తేలియా రుమాలంటే నాకు ప్రాణం. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. వాటితోనే ఏనుగులు, సింహాలు, గడియారాలు, చివరికి విమానాలు కూడా నేసేశారు మనవాళ్ళు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఏనుగు తొండాన్ని గుండ్రంగా గీసేస్తారు. తేలియా ఇక్కత్ నేత, అంటే నేయకముందే పోగులకు డిజైన్ ప్రకారం రంగు వేస్తారు, అందులో వంపు అలా రాదు. గ్రాఫ్ కాగితం మీది గళ్ళను బట్టి నూలు పోగులను కట్టలుగా లెక్కపెట్టి రబ్బరు పట్టీలతో బిగించి చిటికి కడతారు, కట్టిన చోట రంగు ఎక్కదు, అందుకే ప్రతి వంపూ మెట్లుమెట్లుగా వస్తుంది. కాబట్టి ముందు గుడ్డ మీద పెన్సిల్‌తో గళ్ళు, తర్వాతే ఏనుగు. అంచులు కాస్త చెదిరినట్టు కనిపించాలంటే రంగు ఆరకముందే పొడి బ్రష్‌తో పోగు వెంబడే లాగాలి, ఐమూలగా లాగితే మరకలా తయారవుతుంది.

నాకు బాగా ఇష్టమైన పాఠం ఇంకోటి. చాలా ఇక్కత్ చీరల్లో పడుగుకో (నిలువు పోగులు) పేకకో (అడ్డ పోగులు) ఒకదానికే చిటికి కడతారు, తేలియాలో రెండింటికీ కడతారు. మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కడం లేదు. అందుకని పల్చటి ఎరుపుతో నిలువు చారలు వేయించి, ఆరాక అదే ఎరుపుతో అడ్డచారలు వేయిస్తాను. రెండూ కలిసిన గడి ముదురుగా, మిగతా చోట్ల సగం రంగుగా కనబడేసరికి "అమ్మో, నేసేటప్పుడు ఇదంతా సరిగ్గా కలవాలా అక్కా!" అంటారు. కలవాలి మరి.

నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టే పని మాత్రం బ్రష్‌తో నేర్పలేం, కానీ చెప్పకుండా క్లాసు ముగించను.

వేసినవాటిని తేలియా అని అమ్మొచ్చా అని అడుగుతుంటారు. వద్దు! దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు నేసేవాళ్ళదే. ప్రింట్ గుడ్డను ఇక్కత్ అని అంటగట్టేవాళ్ళతోనే వాళ్ళకు చాలినంత నష్టం జరుగుతోంది. చేత్తో వేసిన పెయింటింగ్ అని చెప్పే అమ్మండి, కొనేవాళ్ళు కొంటారు.

వచ్చే క్లాసులో ఉప్పాడ జాందానీ నేత డిజైన్లు మొదలుపెడుతున్నాం. అక్కడ చిటికి ఉండదు, బుటా (చిన్న పువ్వులాంటి డిజైన్) ఎక్కడ కావాలో అక్కడ విడిగా పోగు పెట్టి నేస్తారు, కాబట్టి బ్రష్ పట్టే తీరు కూడా మారుతుంది. గంజి పోయేలా ఉతికిన కాటన్ గుడ్డ తెచ్చుకోండి.