పాలమూరులో ఒక జొన్నరొట్టె

పాలమూరుకు నేను బయలుదేరింది పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టును చూద్దామని. తిరిగి వచ్చాక ఎవరు అడిగినా చెబుతున్నది మాత్రం క్లాక్ టవర్ దగ్గర ఒక సందులో ఉన్న పాత హోటల్ గురించి, అక్కడ నేను పూర్తిగా తినలేకపోయిన జొన్నరొట్టె గురించి.

హైదరాబాదు ఆరాంఘర్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆధార్ కార్డు చూపిస్తే మా ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు గాని, సీటు దొరకడం ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి షాద్‌నగర్ దాకా నిలబడే వెళ్లాను. జడ్చర్లలో హైవే వదిలి బస్సు కుడివైపు తిరిగేసరికి పదకొండు దాటింది. పిల్లలమర్రి ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరమే అయినా ఆటో అతను పోనురాను మూడు వందలు అడిగాడు. ఎంత బతిమాలినా రెండు వందల యాభై కంటే తగ్గలేదు. చెట్టును చూసిన ఆనందంలో సగం ఆ డబ్బు తలుచుకుంటూనే పోయింది.

ఏడు వందల ఏళ్ల వయసుందని చెప్పే ఆ మర్రి మూడెకరాలకు పైగా పరుచుకుని ఉంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడితే సందర్శకులను ఆపేసి, 2018లో చెదలు పట్టిన కొమ్మలకు మనుషులకు ఎక్కించినట్టే సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి అప్పట్లో పేపర్లలో చదివాం. ఇప్పుడు కంచె ఇవతల నుంచి చూడవలసిందే. చిన్నప్పుడు బడి పిల్లలమై వచ్చినప్పుడు ఊడలు పట్టుకుని ఊగిన చోటికి అడుగు పెట్టే వీలు లేదు. చెట్టు బతకాలంటే అదే మంచిదని నాకు తెలుసు. అయినా మనసు చిన్నబోయి అరగంటలోనే వెనక్కి తిరిగాను.

ఆకలి వేస్తున్నదని, మంచి జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆ ఆటో అతనే హోటల్ చూపించాడు. రెండు వందల యాభై తీసుకున్న కోపమంతా నాకు అక్కడితో పోయింది.

జొన్నరొట్టె కోసం ఎందుకంత పట్టుపట్టానో చెప్పాలి. అంతకు నెల ముందు హైదరాబాదులో పేరున్న ఒక హోటల్లో నూట అరవై రూపాయలు పెట్టి రెండు జొన్నరొట్టెలు తిన్నాను. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పటి నుంచి నగరంలో జొన్నకు, రాగికి వచ్చిన గౌరవం చూసి సంతోషపడే మనిషినే నేను. కాని ఆ రొట్టె తుంచితే తెగలేదు, సాగింది. జొన్నపిండికి జిగురు ఉండదు. గోధుమపిండి కలపకుండా రొట్టె అలా సాగదు. జొన్న అని రాసి గోధుమ పెట్టడం నాకు చాలా కష్టంగా తోచింది.

పాలమూరు హోటల్‌కు బోర్డు ఉంది గాని, దాని మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. లోపల నాలుగు బల్లలు, గోడకు ఆనించిన బియ్యం బస్తాలు, గల్లాపెట్టె దగ్గర తెల్ల ధోవతిలో డెబ్బై దాటిన పెద్దాయన. వెనుక వంటకట్టు తలుపు తీసే ఉంది. పొయ్యి ముందు ఆయన కోడలు కూర్చుని రొట్టెలు చేస్తున్నది. కొడుకు వడ్డిస్తున్నాడు, మనవడు నీళ్లు పోస్తున్నాడు. బయటి మనిషి ఒక్కరూ లేరు.

నేను వంటకట్టు కనిపించే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె ఇత్తడి బేసిన్‌లో పిండి తీసుకుని, పక్క పొయ్యి మీద తెర్లుతున్న నీళ్లు పోసి ముందు గరిటెతో కలిపింది. చేయి పట్టేంత చల్లారగానే అరచేతి మడమతో ఆ ముద్దను బేసిన్ అంచుకేసి నెడుతూ, వెనక్కి లాగుతూ చాలాసేపు మెదిపింది. మరిగిన నీళ్లు పోయకపోతే, ఆ మెదపడంలో బద్ధకిస్తే రొట్టె అంచులు పగులుతాయి. తర్వాత పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో అంచును సర్దుతూ పోతుంటే రొట్టె తనంతట తానే గుండ్రంగా తిరుగుతూ పెరిగింది. పీట అంచు దాటబోయే క్షణంలో రెండు చేతులతో ఎత్తి పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన ఉన్న పొడిపిండిని ఒక్కసారి తుడిచింది. ఆ తడి ఆరేదాకా ఆగి, తిప్పి, చివరికి పెనం పక్కకు తీసి నిప్పుల మీద నిలబెట్టింది. రొట్టె పొంగి, ఒకచోట చిన్న చిల్లు పడి, ఆవిరి బుస్సున బయటికి వచ్చింది.

“ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ చెల్లె?” అని అడిగాను.

“పెండ్లయి వచ్చిన తెల్లారి సంది అక్కా. అత్తమ్మ చెయ్యి పట్టి నేర్పింది. మొదటి ఆర్నెల్లు నా రొట్టెలు బల్లల మీదికి పోనియ్యలే, ఇంట్లోళ్లమే తిన్నం,” అన్నది, చేయి ఆపకుండానే.

నా ముందుకు వచ్చిన రొట్టె పళ్లెం అంచులు దాటి బయటికి వాలింది. పక్కన పుంటికూర పప్పు, వెల్లుల్లి దంచి వేసిన పచ్చిమిరపకాయ తొక్కు, పల్లిపొడి, సగానికి కోసిన ఉల్లిగడ్డ. రొట్టె ముప్పై రూపాయలు, పప్పు, తొక్కు ఎన్నిసార్లు అడిగినా వేస్తారు. తుంచితే చప్పుడు లేకుండా తెగింది. లోపల పొరలు విడివిడిగా ఉన్నాయి, నిప్పు తగిలినచోట సన్నని మాడు వాసన. పుంటికూర పులుపుకు, జొన్నలోని ఆ కొద్దిపాటి తీపికి ఉన్న పొత్తు ఏ చపాతీకీ రాదు.

సగం తినేసరికి కడుపు నిండింది. అది గమనించి పెద్దాయన గల్లా దగ్గర నుంచి లేచి వచ్చారు.

“ఏంది బిడ్డా, బాగలేదా?”

“మస్తుగున్నది పెద్దనాయనా. ఇంత పెద్దది నాకు ఒడువది.”

“మా నాయన పెట్టిన కొలత బిడ్డా అది. ఒక్క రొట్టె తిన్నోడు పొద్దు వాలేదాక పార పట్టాలె అనెటోడు. దీన్ని చిన్నగ చేయనీకె నాకు మనసొప్పలే. ఏ ఊరు మీది?”

మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె అని చెప్పాను. ఆయన ఒక నిమిషం నా వైపే చూసి, ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు.

“ఎడమ కాల్వ కింద. మా నాయన ఆ కాల్వ పనికి వచ్చిండు బిడ్డా. అంతకు ముందు సాగర్ కట్ట మీద రాయి మోసిండు. మా అమ్మ కూడ పోయింది. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తీస్కపోయిండు. అది తీరినాంక ఇంత మిగిలిచ్చుకొని వచ్చి ఇది పెట్టిండ్రు.”

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారని, 1967లో కాలువలకు నీళ్లు వదిలారని మా బడి పాఠాల్లో చదువుకున్నాం. యంత్రాలతో కాక మనుషుల చేతులతో, రాతితో కట్టిన అంత పెద్ద ఆనకట్ట ఇంకొకటి లేదని గొప్పగా చెప్పుకున్నాం. లాల్ బహదూర్ కాలువ అని పేరున్న ఆ ఎడమ కాలువ నీళ్లతోనే మా పొలాలు వరి మడులయ్యాయి, మిర్యాలగూడ నిండా రైసు మిల్లులు వచ్చాయి, నా చదువు ఫీజులు కూడా ఆ వడ్లు అమ్మే కట్టారు. కాలువ తవ్వినవాళ్ల కొడుకు ఒకరు ఎదురుగా కూర్చుని ఆ సంగతి చెప్పడం నా నలభై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

మా అమ్మమ్మ చెప్పేది. కాలువ పనులప్పుడు కట్ట వెంట పాలమూరోళ్ల గుడిసెలు వరుసగా ఉండేవట. పొద్దుగూకితే మూడు రాళ్ల పొయ్యిలు వెలిగేవి, రొట్టెలు తట్టే చప్పుడు మా చేల దాకా వినిపించేది. చిన్నపిల్లగా నేను ఆ కథను కథలాగే విన్నాను. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, పని అయిపోయాక ఎక్కడికి వెళ్లారో అడగాలని నాకు తోచలేదు.

హోటల్ పెట్టిన కొత్తల్లో ఎక్కువగా తినేవాళ్లు పనికి పోయేవాళ్లేనని పెద్దాయన చెప్పారు. వానకాలం పంట ఇంటికి రాగానే గుంపులు గుంపులుగా బయలుదేరేవారు, డ్యాములకు, రోడ్లకు, తర్వాత తర్వాత పుణెకు, బొంబాయికి. ఇక్కడి నుంచి బొంబాయికి నేరుగా ఆర్టీసీ బస్సులే నడిచేవి. ఆ బస్సు ఎక్కేవాళ్లు తెల్లగుడ్డలో పది, ఇరవై రొట్టెలు కట్టించుకునేవారు. బాగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టె వారం దాకా చెడిపోదు, నీళ్లలో అద్దుకునో ఉల్లిగడ్డతోనో తినవచ్చు. “పైసలు లేనోళ్లకు ఉగాదికి తిరిగొచ్చినంక ఇయ్యమనెటోడు మా నాయన. రాసిపెట్టుకునెటోడు కాదు, ఆయనకు రాయ రాదు.”

“తెచ్చి ఇచ్చేటోళ్లా?”

“ఎక్కువ మంది ఇచ్చిండ్రు. రానోళ్లు ఇయ్యలే. రానోళ్లనేం అడుగుతం బిడ్డా.”

అప్పట్లో ఈ ప్రాంతంలో బియ్యం పండుగ తిండి, జొన్న రోజూ తిండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఇంటింటా అన్నం కుండ ఎక్కింది, జొన్నచేలు ఏటేటా తగ్గిపోయాయి. బియ్యం అందరికీ అందడం మంచిదే, ఆకలి తెలిసిన ఊళ్లలో దాన్ని తప్పుపట్టే మాట నా నోట రాదు. అయితే నిరుపేదల రొట్టె ఇప్పుడు ఉన్నవాళ్ల తిండి అయింది. యాసంగి జొన్నలు రైతు దగ్గరే కొని, ఎండబెట్టి, తెలిసిన గిర్నీలో పట్టిస్తేనే ఈ రుచి వస్తుందట. జొన్నల ధర ఎంత పెరిగినా రొట్టె ధర ముప్పై దాటనివ్వనని పెద్దాయన, నలభై చేయకపోతే నడవదని కొడుకు, నా ముందే కాసేపు వాదించుకున్నారు. నలభై చేసినా తక్కువేనని నేను కొడుకు పక్షాన మాట్లాడాను. పెద్దాయన ఒప్పుకోలేదు.

బిల్లు చెల్లించబోతే ఆయన డబ్బు తీసుకోలేదు. “మా నాయన మీ దిక్కు మూడేండ్లు బతికిండు” అన్నారు. ముప్పై రూపాయలు గల్లా మీద పెట్టి చేతులు జోడించాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. మిగిలిన సగం రొట్టెకు తోడు ఇంకో రెండు, తొక్కు, ఉల్లిగడ్డ కాగితంలో చుట్టి కోడలు నా సంచిలో పెట్టింది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, రాయికల్ టోల్ దగ్గర అరగంట ఆగాం. ఇంటికి చేరేసరికి రాత్రి పది అయింది, అమ్మ అప్పటికే పడుకుంది.

పొద్దున లేచేసరికి అమ్మ కాగితం విప్పి, ఆ సగం రొట్టెను గిన్నెలోకి తుంచుకుని, మజ్జిగ పోసి, ఉప్పు కలుపుతున్నది. డెబ్బై ఆరేళ్ల ఆమె జొన్నరొట్టెను అలా తినడం నేనెప్పుడూ చూడలేదు. పాలమూరు నుంచి తెచ్చానని చెప్పాను.

“తెలుస్తనే ఉన్నది,” అన్నది అమ్మ. “మా అమ్మ కుండెడు మజ్జిగ కాల్వ కట్ట మీదికి పంపేది నాతోని. వాళ్లు ఖాళీ కుండ పంపకపోయేటోళ్లు. రెండు రొట్టెలు అందుల పెట్టి ఇచ్చేటోళ్లు. దారిలనే నేనొకటి తినేసేదాన్ని.”

గిన్నె నా వైపు జరిపింది. ఇద్దరం అందులోంచే తిన్నాం.