గన్‌మెన్ లేని కౌన్సిలర్‌తో కోక్‌స్టాడ్ దాకా

డర్బన్ నుంచి ఈస్ట్ లండన్‌కు బస్సు టికెట్టు 620 ర్యాండ్లు. మన డబ్బుల్లో మూడు వేల పైమాటే. అంత పోసినా కాళ్లు చాపుకునే జాగా లేదు. పోర్ట్ షెప్‌స్టన్ రాకముందే ఏసీ మూలిగి ఆగిపోయింది, కిటికీలు తెరుచుకునే రకం కావు. దారిలో పెట్రోలు బంకు దగ్గర చల్లారిన రొట్టె ముక్కల మధ్య కాస్త చికెన్ పెట్టి 75 ర్యాండ్లు తీసుకున్నారు. ఇవన్నీ భరించడానికి కారణం ఆ బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న ఒకావిడ.

దక్షిణాఫ్రికా వెళ్లినవాళ్లు క్రూగర్ పార్కు గురించి, కేప్‌టౌన్‌లో బల్లలా చదునుగా ఉండే కొండ గురించి రాస్తారు. నేనూ చూశాను, రెండూ బాగున్నాయి. నన్ను ఈ దేశానికి లాగింది మాత్రం ఒక వీడియో. 2018 జులైలో, ఈస్ట్ లండన్ పక్కనున్న ఎండాంట్సానే టౌన్‌షిప్‌లో (వర్ణవివక్ష కాలంలో నల్లజాతివారి కోసం వేరుగా కట్టిన బస్తీ), సీసా డుకాషే స్టేడియంలో ఈఎఫ్ఎఫ్ (ఎకనామిక్ ఫ్రీడమ్ ఫైటర్స్) అనే వామపక్ష పార్టీ అయిదో వార్షికోత్సవం జరిగింది. వేదిక మీద ఉన్న ఆ పార్టీ నాయకుడు జూలియస్ మలేమా రైఫిల్ అందుకుని ఆకాశంలోకి పేల్చాడు. కింద వేల మంది జనం. ఏడేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 1న, ఈస్ట్ లండన్ కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ, తూటాలు కలిగి ఉండటం, జనం ఉన్నచోట పేల్చడం వంటి నేరాలవి. ఆయనతోపాటు విచారణ ఎదుర్కొన్న అంగరక్షకుడు మాత్రం నిర్దోషిగా బయటపడ్డాడు. తీర్పు వచ్చిన కొన్ని వారాలకు నేను డర్బన్‌లో దిగాను.

మాది అనంతపురం. నాయకుడి వెనక గన్‌మెన్ నిలబడి ఉండటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన దృశ్యం. ఎవరికి 'టూ ప్లస్ టూ' ఇచ్చారు, ఎవరికి తగ్గించారు అనేది టీ కొట్టు దగ్గర పెద్ద చర్చ. 2005 జనవరి 24న పరిటాల రవిని మా ఊళ్లోనే, ఆయన పార్టీ ఆఫీసు దగ్గరే కాల్చి చంపారు. ఆ రోజు ఊరంతా షట్టర్లు దించేసిన చప్పుడు నాకింకా గుర్తు. భద్రత తగ్గించారని ఆయన పార్టీ ఆరోపించింది, ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది. అప్పటి నుంచి రాజకీయ నాయకుడు, తుపాకీ, ప్రాణభయం అనే మూడు మాటలు ఎక్కడ కలిసి కనిపించినా నేను ఆగి చదువుతాను. ఎన్నికలొస్తే మన దగ్గర లైసెన్సు తుపాకులు కూడా చాలావరకు పోలీస్ స్టేషన్లో జమ చేయిస్తారు. నాయకుల చేతుల్లోంచి, వాళ్ల మనుషుల చేతుల్లోంచి తుపాకీ పోతేనే ప్రజాస్వామ్యం బతుకుతుందన్నది బస్సెక్కేదాకా నా గట్టి అభిప్రాయం.

డర్బన్‌లో నేను దిగింది భారత సంతతివారు ఎక్కువగా ఉండే ఫీనిక్స్ పేటలో, మద్రాసు రేవు నుంచి వచ్చిన కూలీల సంతతి వారింట్లో. 2021 జులై అల్లర్లలో పోలీసులు కనిపించకుండా పోతే ఫీనిక్స్ వాసులు తుపాకులు పట్టుకుని వీధులకు అడ్డంగా నిలబడ్డారు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే ఆ ఒక్క ప్రాంతంలో 36 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు నల్లజాతివారు. ఆ ఇంటి పెద్దాయన ఈ విషయం ఎత్తగానే టీవీ శబ్దం పెంచేశారు. నేను మళ్లీ అడగలేదు. గాంధీ ఆశ్రమం పెట్టిన చోటికి అంత దగ్గర్లో కూర్చుని ఆ మౌనాన్ని భరించడం నాకు చాలా కష్టమైంది.

ఇక బస్సు. హార్డింగ్ దగ్గర రోడ్డు పనులు. ఒకవైపు వాహనాలను వదిలి, మరోవైపు ఆపేస్తున్నారు. మా వైపు ఆపారు. ఇంజను కట్టేశారు. ఉక్కపోత. నా పక్కనావిడ అంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదు. కిటికీ సీటు ఆవిడది, కానీ ఎక్కగానే నన్ను అటు జరగమని తాను నడవ వైపు కూర్చున్నారు. ఒడిలో రెండు ఫోన్లు. బస్సు ఆగిన ప్రతిచోటా తల ఎత్తి, ఎక్కేవాళ్ల మొహం చూసి, తర్వాత వాళ్ల చేతులు చూసి, మళ్లీ తల దించుకునేవారు. చేతులు చూడటం నేను గమనించానని ఆవిడకు తెలిసింది.

"మీరు పోలీసా అంకుల్?" అన్నారు. కాదు, అనంతపురంలో వకీలునని, పని మానేసి తిరుగుతున్నానని చెప్పాను. ఎక్కడికని అడిగారు. ఎండాంట్సానే స్టేడియం చూడటానికి అనేసరికి మొదటిసారి నవ్వారు. "తుపాకీ పేలిన చోటు చూడాలంటే అంత దూరం ఎందుకు?" అని కిటికీ బయటి కొండలవైపు చెయ్యి చూపించారు.

ఆవిడ క్వాజులు-నటాల్ రాష్ట్రం దక్షిణ ప్రాంతంలో ఒక వార్డు కౌన్సిలర్. ఏ ఊరో, ఏ పార్టీయో రాయను. నీటి ట్యాంకర్ల కాంట్రాక్టు మీద కౌన్సిల్లో ప్రశ్న వేశారట. ఆ వారమే ఫోను మొదలైంది. మాటలుండవు, అవతల ఊపిరి చప్పుడు మాత్రమే. పోలీసులకు చెప్పారు. ముప్పు ఎంతుందో అంచనా వేసి చెబుతామన్నారు. ఇక్కడ పద్ధతి అది: మేయరు, స్పీకరు వంటి వారికి పదవితోపాటే అంగరక్షకులు వస్తారు. మామూలు కౌన్సిలర్‌కు ముప్పు ఉందని పోలీసుల అంచనా తేల్చాలి. ఆవిడ విషయంలో ఆ అంచనా ఇంకా పూర్తికాలేదు.

"సిండిసో మగాకా పేరు విన్నారా?" అని అడిగారు. విన్నాను. ఒకప్పుడు మండేలా పార్టీ అయిన ఏఎన్‌సీ యువజన విభాగానికి ప్రధాన కార్యదర్శి, అదీ మలేమా అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో. తర్వాత ఉంజింకులు పట్టణంలో కౌన్సిలర్. అక్కడి మెమోరియల్ హాలు మరమ్మతుల ఖర్చు గురించి నిలదీశాడు. 2017 జులైలో ఒక దుకాణం ముందు కారులో ఉండగా కాల్చారు. కారులో ఉన్న ఇద్దరు మహిళా కౌన్సిలర్లకు కూడా గాయాలయ్యాయి. మగాకా సెప్టెంబరులో ఆస్పత్రిలో చనిపోయాడు. కాల్చినవారిలో ఒకడు నేరం ఒప్పుకుని 25 ఏళ్ల శిక్ష పొందింది 2025లో, అంటే ఎనిమిదేళ్లకు. మగాకా బయటపెట్టిన అవినీతి గురించి మాట్లాడిన తబీసో జులుకు రక్షణ ఇవ్వడంలో జాప్యం జరిగిందని 2018లో పబ్లిక్ ప్రొటెక్టర్ (ప్రభుత్వ తప్పులపై ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) తప్పుపట్టారు. పోలీసు మంత్రి ఆ నివేదికను సవాలు చేశారు. 2019 అక్టోబరులో జులు మీద కాల్పులు జరిగాయి, ప్రాణం దక్కింది.

ఆవిడ ఇవన్నీ తేదీలతో చెప్పారు, మన ఇళ్లలో చుట్టాల పెళ్లిళ్లు, చావులు చెప్పుకున్నట్టు.

"మీ దగ్గర తుపాకీ ఉందా?" అని అడగకుండా ఉండలేకపోయాను.

ఉందన్నారు. ఆత్మరక్షణ లైసెన్సు మీద ఒక పిస్తోలు. ఈ దేశంలో అది సులువు కాదు. 2000లో చేసిన ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, శిక్షణ తీసుకుని పరీక్ష నెగ్గాలి, యోగ్యతా పత్రం రావాలి, ఇంట్లో ఇనుప పెట్టె గోడకో నేలకో బిగించాలి. ఆత్మరక్షణకు ఒక్క తుపాకీయే, లైసెన్సు అయిదేళ్లే. ఆవిడ చూపుడు వేలు, బొటనవేలు కలిపి ఆ పెట్టె తాళంచెవి ఎంత చిన్నదో చూపించారు. "రాత్రి తలుపు కొట్టిన చప్పుడైతే లేచి, కళ్లద్దాలు వెతుక్కుని, తాళంచెవి వెతుక్కుని, పెట్టె తెరిచేసరికి వాళ్ల పని అయిపోతుంది. పగలు రొట్టె కొనడానికి వెళ్లినప్పుడు కారు పక్కన కారు ఆపి కాలుస్తారు. మగాకాకు చేతిలో తుపాకీ ఉన్నా ఏం చేసేవాడు?"

మరి ఎందుకు ఉంచుకున్నారంటే వెంటనే జవాబు రాలేదు. వరుస కదిలింది, ఆగింది. "అంచనా పూర్తయ్యేదాకా నాకున్నది అదొక్కటే" అన్నారు.

2021లో ప్రభుత్వం ఒక ముసాయిదా బిల్లు తెచ్చింది. తుపాకీ లైసెన్సుకు ఆత్మరక్షణ ఇకపై కారణంగా చెల్లదని అందులో రాశారు. లక్షకు పైగా అభిప్రాయాలు వచ్చిపడ్డాయి, అది అప్పటికి ముందుకు సాగలేదు. బస్సెక్కకముందు నన్ను అడిగితే ఆ బిల్లుకు రెండు చేతులూ ఎత్తేవాణ్ణి. 2024లో 26 వేలకు పైగా హత్యలు జరిగిన దేశంలో ఒక్క తుపాకీ తగ్గినా మేలే కదా అనుకునేవాణ్ణి. ఆ ఉక్కపోతలో, ఆ రెండు ఫోన్ల పక్కన కూర్చున్నాక అలా చెప్పలేకపోతున్నాను. అంగరక్షకుల మధ్య తిరిగే మంత్రులు, అంగరక్షకులు లేని మనిషి చేతిలోని ఆఖరి ఆసరాను ముందుగా తీసేస్తామనడం న్యాయం కాదు. ముందు పోలీసులు సమయానికి రావాలి. తర్వాతే ఆ పిస్తోలు గురించి మాట్లాడాలి.

కోక్‌స్టాడ్‌లో దిగేముందు ఆవిడ ఇంకో మాట అన్నారు. రాజకీయ హత్యల దర్యాప్తు కోసం 2018లో పెట్టిన ప్రత్యేక పోలీసు బృందాన్ని 2024 డిసెంబరు 31న పోలీసు మంత్రి సెంజో మ్చును ఒక్క లేఖతో రద్దు చేయమన్నాడని. ఆ రోజు తాను చర్చిలో ఉన్నానని, ఆ సంగతి బయటకు రావడానికి నెలలు పట్టిందని. 2025 జులైలో క్వాజులు-నటాల్ పోలీసు కమిషనర్ ఎంక్వానాజి మీడియా ముందు మంత్రి మీద బహిరంగంగా ఆరోపణలు చేశాకే ఆయన్ను సెలవు మీద పంపారు, విచారణకు మడ్లాంగా కమిషన్ వేశారు. మేం ప్రయాణిస్తుండగా డ్రైవరు రేడియోలో వస్తున్నది ఆ కమిషన్ సాక్ష్యాల గురించే. బస్సులో ఎవరూ కునుకు తీయలేదు.

ఆవిడ కోసం ఎర్ర కారు ఒకటి వచ్చింది. వచ్చినవాళ్ల చేతులు కూడా చూశాకే ఎక్కారు.

ఆ తర్వాత మ్థాథా, గుండ్రటి ఇళ్ల పల్లెలు, కేయ్ నది లోయలోకి దిగే మలుపులు, అన్నీ చూశాను గాని మనసు అక్కడ లేదు. వర్ణవివక్ష మీద పోరాడిన నాయకుడు క్రిస్ హానీ పుట్టింది ఈ ప్రాంతంలోనే. 1993 ఏప్రిల్ 10న, అంగరక్షకులకు సెలవిచ్చిన రోజున, ఇంటి వాకిట్లో ఆయన్ను కాల్చారు. ఆ పిస్తోలు వైమానిక దళం ఆయుధాగారంలోంచి దొంగిలించినది. ఈస్ట్ లండన్‌లో గడిపిన రోజుల గురించి చెప్పడానికేమీ లేదు. హోటలు ఖరీదు, గాలి విపరీతం.

ఎండాంట్సానేకు మినీబస్సు టాక్సీలో వెళ్లాను. హైవే అని పిలిచే టాక్సీ స్టాండులో దిగి స్టేడియం అడిగితే ఇద్దరు కుర్రవాళ్లు తోడొచ్చారు. స్టేడియం గేటు మూసి ఉంది. గోడ అవతల గడ్డి, ఇవతల వరుసగా చిన్న చిన్న ఇళ్లు, తీగల మీద ఆరేసిన స్కూలు చొక్కాలు. వీడియోలో ఈ ఇళ్లు కనిపించవు. పైకి వెళ్లిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలి. ఇంత దగ్గరగా ఇళ్లున్నాయని తెలిశాక నాకు ఒళ్లు మండిపోయింది.

కుర్రవాళ్లలో పెద్దవాడు మలేమా అభిమాని. "ఫిర్యాదు చేసింది అఫ్రిఫోరమ్, తెల్లవాళ్ల సంస్థ. ఆత్మరక్షణకు తుపాకులు ఉండాలని 2021 బిల్లు మీద పోరాడిందీ వాళ్లే. వాళ్లకు ఉంటే హక్కు, మా నాయకుడు పట్టుకుంటే నేరమా? ఆయన ప్రాణానికి ముప్పు లేదా?" అన్నాడు. అందులో కొంత సబబుంది. ఎవరి ఫిర్యాదు ఎంత త్వరగా కోర్టుకెక్కుతుందన్నది ఈ దేశంలో చిన్న ప్రశ్న కాదు. కానీ కోర్టులో మలేమా తన ప్రాణానికి ముప్పని చెప్పలేదు. తుపాకీ తనది కాదని, జనంలో ఉత్సాహం నింపడానికే పేల్చానని చెప్పాడు. ఆత్మరక్షణ అన్న మాట అభిమానులు తర్వాత తగిలించినది. అదే మాట వాడికి చెప్పాను.

మా మాటలు విని, గోడ పక్కన కుర్చీ వేసుకున్న ఒక ముసలాయన లేచి వచ్చారు. 1983లో బస్సు ఛార్జీలు పెంచితే ఎండాంట్సానే జనం బస్సులు మానేసి రైలెక్కడం మొదలుపెట్టారు. ఆగస్టు 4న ఎగర్టన్ స్టేషన్ దగ్గర వాళ్ల మీద, వర్ణవివక్ష పాలన నల్లజాతివారి కోసం విడదీసి పెట్టిన సిస్కై ప్రభుత్వ బలగాలు కాల్పులు జరిపాయి. పదకొండు మంది పోయారు. "ఆ రోజు నేను ప్లాట్‌ఫారానికి ఈ గోడంత దూరంలో ఉన్నాను. ఈ ఊళ్లో తుపాకీ చప్పుడుతో ఎవరికి ఉత్సాహం వస్తుంది?" అని అభిమానిని నిలదీశారు. కుర్రవాడు గౌరవంగా తల వంచాడు గాని ఒప్పుకోలేదు. "అందుకే మా చేతిలోనూ ఉండాలి తాతా" అన్నాడు. రాజ్యాంగంలో సభలు జరుపుకునే హక్కు గురించిన 17వ సెక్షన్ 'శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా' అని చెబుతుందని నేను గుర్తుచేశాను. ముసలాయన ఆ మాటను వాళ్ల భాషలో వాడికి మళ్లీ చెప్పారు, ఈసారి గట్టిగా.

చిన్న కుర్రవాడు అప్పటిదాకా మాట్లాడనేలేదు. "ఆయన చుట్టూ మనుషులున్నారు. నీళ్ల గురించి, డ్రైనేజీ గురించి అడిగే కౌన్సిలర్ చుట్టూ ఎవరున్నారు?" అన్నాడు. నాకు హార్డింగ్ దగ్గరి ఉక్కపోత, ఆ చిన్న తాళంచెవి గుర్తొచ్చాయి. వేదిక మీద రైఫిల్ పేల్చిన నాయకుడు అందరికంటే ఎక్కువ అన్యాయం చేసింది అలాంటివాళ్లకే అని నా నమ్మకం. నిజంగా భయపడి లైసెన్సు అడిగేవారిని కూడా జనం అదే కంటితో చూస్తారు.

శిక్ష ఎంతన్నది నేను బయల్దేరేనాటికి ఇంకా తేలలేదు. జరిమానాకు అవకాశం లేకుండా 12 నెలలు మించితే, అప్పీళ్లన్నీ ముగిశాక మలేమా పార్లమెంటు సభ్యత్వం పోతుంది. అప్పట్లో వార్తలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. నా చూపు మాత్రం రాబోయే స్థానిక ఎన్నికల మీద ఉంది. వార్డు అభ్యర్థుల పేర్లు ఖరారయ్యే కాలంలోనే క్వాజులు-నటాల్‌లో హత్యలు పెరుగుతాయని ఆవిడ చెప్పారు. ఈసారీ నిలబడతారట. ఆ అంచనా ఏదో పోలీసులు ఆలోగా పూర్తి చేయాలి.