మూడెకరాల పాసుపుస్తకం, 28,232 దరఖాస్తులు

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, 2023లో, అమెరికాలోని ఎంఐటీకి దరఖాస్తు చేస్తానంది. నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా ఆయన మూడెకరాలు సాగు చేస్తారు. ఆ విశ్వవిద్యాలయం ఖర్చు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ట్యూషన్ ఫీజే ఏడాదికి దాదాపు 60 వేల డాలర్లు. వసతి, భోజనం, పుస్తకాలు కలిపితే 80 వేలు దాటింది. మన లెక్కలో 66 లక్షల పైమాటే.

హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. "ఆర్థిక సాయం అడిగితే సీటు ఇవ్వరమ్మా, ఆ గడి ఖాళీగా వదిలేయండి" అని చెప్పి పంపారు. ఆ మాట నమ్మి ఉంటే అక్కడితో ఆగిపోయేవాళ్లం. రాత్రి అమ్మాయే కూర్చుని నిబంధనలన్నీ చదివింది. సాయం అడిగిన విదేశీ విద్యార్థి విషయంలో స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల ఆ సంగతిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ అలా కాదు. కుటుంబానికి డబ్బు ఉందో లేదో చూడకుండా ఎంపిక చేసి, ఆ తర్వాత అవసరమైన మేరకు సాయం ఇస్తాయి. ఏ తల్లిదండ్రులైనా ముందుగా తెలుసుకోవలసింది ఈ తేడానే.

ఇక సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తు నింపడానికి మాకు మూడు వారాలు పట్టింది. నా ఫారం 16 ఉంది కనుక జీతం లెక్క తేలిగ్గానే తేలింది. వ్యవసాయ ఆదాయానికి కాగితమేదీ? మా ఆయన రెండేళ్ల ధాన్యం అమ్మకం రసీదులు, ఎరువుల బిల్లులు ముందేసుకుని ఖర్చులు పోగా మిగిలింది రాశారు. "ఇంతేనా మిగిలింది?" అని ఆయనే ఆశ్చర్యపోయారు. పట్టాదారు పాసుపుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించి జతచేశాం. ఇంటి విలువ, బ్యాంకు నిల్వ, చిట్టీ, చివరికి అప్పులు కూడా చెప్పాలి. పరాయివాళ్ల ముందు ఇల్లంతా విప్పి చూపిస్తున్నట్టు అనిపించి ఒకరోజు ఏడ్చాను.

అమ్మాయి పని వేరు. అమెరికా కాలేజీల ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష రాసింది, చిన్న చిన్న వ్యాసాలు రాసింది. ఇద్దరు అధ్యాపకుల ఉత్తరాలు కావాలి: ఒకరు లెక్కలో సైన్సో చెప్పినవారు, ఇంకొకరు భాషో సాంఘికశాస్త్రమో చెప్పినవారు. వాళ్ల కాలేజీలో ఇలాంటి ఉత్తరం అంతకుముందు ఎవరూ అడగలేదట. ఇంగ్లీషు సార్ నాలుగుసార్లు తిరగరాసి ఇచ్చారు. ఆయన రుణం తీర్చుకోలేను. జనవరి మొదటి వారంలో గడువు, నెలాఖరులో జేఈఈ. పిల్ల నిద్ర తగ్గించుకుని రెండూ చేసింది.

ఫలితాన్ని, లెక్కల్లోని పై (π = 3.14) పేరుతో జరుపుకునే దినమైన మార్చి 14న, అక్కడి కాలం ప్రకారం సాయంత్రం 6:28కి విడుదల చేశారు. మాకది మార్చి 15 తెల్లవారుజాము 3:58. ముగ్గురం మేలుకునే ఉన్నాం. సీటు రాలేదు.

ఆ ఏడాది 28,232 మంది దరఖాస్తు చేస్తే 1,284 మందిని తీసుకున్నారు. వందకు ఐదుగురు కూడా కాదు. విదేశీ దరఖాస్తుదారుల్లో సీటు దొరికినవారి శాతం ఇంకా చాలా తక్కువ. తరగతిలో నేను సంభావ్యత చెప్పేటప్పుడు ఇలాంటి భిన్నాలు బోలెడు వేయిస్తాను. కానీ ఆ పూట తలుపు వేసుకుని పడుకున్న పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. వాళ్ల నాన్నే టీ పెట్టి తీసుకెళ్లారు.

ఇప్పుడు వరంగల్ ఎన్ఐటీలో చదువుతోంది. 2024 నవంబరులో ఎంఐటీ కొత్త ప్రకటన చేసింది: సాధారణ ఆస్తులుండి, ఏడాదికి రెండు లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు 2025 నుంచి ట్యూషన్ ఫీజు ఉండదు. ఆ వార్త నాకు పంపింది అమ్మాయే. మా పక్కవీధి పిల్లవాడు ఈసారి దరఖాస్తు చేస్తున్నాడు. ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చి వాళ్ల పొలం లెక్కలు నా దగ్గర రాయించుకుంటున్నాడు.