సంతకం పెట్టమన్న కాగితం, వద్దన్న పెద్దాయన

బైపాస్ చేయించుకొని ఇంటికొచ్చా. ఒంట్లో నీరసం తగ్గుతోంది గానీ కోపం చల్లారలేదు. ఆపరేషన్‌కు ముందు ప్రభువు చిత్తం ఎట్లా కనుక్కోవాలని మా సంఘంలో కొందరు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

ఆరోగ్యశ్రీ పని తేలిగ్గానే అయింది. ఆహారభద్రత కార్డు, ఆధార్, యాంజియోగ్రామ్ సీడీ పట్టుకొని ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్తే అనుమతి సంగతి వాళ్లే చూస్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు. రక్తం ఇచ్చేవాళ్లను ముందే మాట్లాడిపెట్టుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ బిళ్ల వాడేవాళ్లకు మామూలుగా 5 రోజుల ముందు ఆపిస్తారు, లేకపోతే కోసినచోట రక్తం ఆగదు. డాక్టరు చెప్పకుండా మాత్రం మీరే ఆపకండి.

అసలు గండం వార్డులో వచ్చింది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకానికి కాగితం ఇచ్చారు, రాగల ముప్పులన్నీ అందులో ఉన్నాయి: రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీలు దెబ్బతినడం, ఇన్ఫెక్షన్, ఆఖరి లైనులో మరణం. పెన్ను చేతిలో ఉండగానే సంఘ పెద్ద ఒకాయన పరకాల నుంచి దిగాడు. సంచిలోంచి బైబిలు వాక్యాల కార్డులుండే వాగ్దానాల డబ్బా తీసి, అందరి ముందూ నాతో ఒక కార్డు తీయించాడు. కీర్తన 118:17 వచ్చింది. "చూసినవా తమ్మీ, చావవని దేవుడే చెప్పిండు. మళ్ల కోత ఎందుకు? విశ్వాసం లేనోళ్లు పెడ్తరు సంతకం." పక్క మంచాలవాళ్లంతా నావైపే చూశారు. నా భార్య తల దించుకుంది.

చావవు అన్న వాక్యం ఆపరేషన్ వద్దని ఎక్కడ చెప్పింది? అపొస్తలుల కార్యములు 27 తీయండి. తుఫానులో చిక్కిన ఓడలో ఉన్న 276 మందిలో ఒక్కరి ప్రాణమూ పోదని దూత పౌలుకు ముందే చెప్పాడు. అయినా లంగరు వంకతో నావికులు పడవ దింపి జారుకోబోతే, వీళ్లు ఓడలో ఉంటేనే మీరు బతుకుతారని శతాధిపతిని హెచ్చరించింది ఆ పౌలే. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. చివరికి ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకొని ఒడ్డెక్కారు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాక కూడా పుండు మీద అంజూరపు ముద్ద పెట్టమన్నాడు యెషయా ప్రవక్త. మా పెద్దాయన ఈ అధ్యాయాల మీద ప్రసంగాలు చేసినవాడే. షుగర్ బిళ్ల వేసుకోనిదే గుడికి రాడు కూడా!

గిద్యోను గొఱ్ఱెబొచ్చు పరచి దేవుణ్ణి గుర్తు అడగలేదా అనేవాళ్లకు ఒకటే చెప్తా: దేవుడు అతనికి పని ముందే చెప్పేశాడు, గుర్తు అడిగింది ఆ తర్వాత. కార్డులు తీసే బదులు సర్జన్‌ను అడగండి: ఎన్ని బ్లాకులు, గుండె పంపింగ్ ఎంత, ఆపరేషన్ మానుకుంటే ఏమవుతుంది. ఆ జవాబులు దేవుని ముందు పెట్టి ప్రార్థించండి. సిలువకు ముందు గెత్సేమనే తోటలో ఆ శ్రమల గిన్నె తొలగించమని యేసే అడిగాడు, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి అప్పగించుకున్నాడు. భయం దాచుకోనక్కర్లేదు. అగ్నిగుండానికి వెనుదీయని షద్రకు, మేషాకు, అబేద్నెగోలు కూడా తప్పక బతుకుతామన్న హామీ చూసుకొని నిలబడలేదు. నేను సంతకం పెట్టా.

తర్వాతి సంగతులు చిన్నవే. మూడు బంతుల పరికరంతో ఊపిరి సాధన ఎగ్గొట్టొద్దు, కఫం ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. దగ్గేటప్పుడు దిండు ఛాతీకి హత్తుకోండి. లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయకండి; తీగతో కట్టిన రొమ్ము ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలైనా పడుతుంది. ప్రార్థనకు వచ్చేవాళ్లు చేతులు కడుక్కోవాలి, మంచం మీద కూర్చోకూడదు. చెయ్యి తల మీద పెడితే పెట్టనివ్వండి, ఛాతీ మీద మాత్రం వద్దనండి, ఎంత పెద్దవారైనా సరే.